99 లెవెల్స్ కంటే ముందు ఒక మంచి జంప్

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. అన్నయ్య పాత ల్యాప్‌టాప్ మీద గోడో ఇంజిన్ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌తో ఒక ప్లాట్‌ఫామ్ రోల్ ప్లేయింగ్ గేమ్ (ప్లాట్‌ఫామ్ ఆర్పీజీ), అంటే హీరో ఒక చోటు నుంచి మరో చోటుకు దూకుతూ, శక్తి పెంచుకుంటూ సాగే ఆట తయారుచేస్తున్నాను. ఉదయగిరి కోట నేపథ్యంగా పెద్ద కథ రాసుకున్నాను. హీరో 99 లెవెల్స్ దాకా పెరగాలని, 40 ఆయుధాలు ఉండాలని అనుకున్నాను. స్నేహితులకు ఇస్తే పది నిమిషాలు ఆడి పక్కన పెట్టేస్తున్నారు. ఇలాంటి గేమ్ ఆడబుద్ధి కావాలన్నా, ఆడిన తరువాత గుర్తుండిపోవాలన్నా ఏం ఉండాలి? దీన్ని వృత్తిగా ఎంచుకోవచ్చా? నాన్నగారు ఆటలు కూడు పెట్టవు, బీటెక్ చేయమంటున్నారు.

జవాబు: మీ రెండు ప్రశ్నల్లో మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. గేమ్ డిజైన్ వైపు వెళ్లాలనుకునే విద్యార్థికి ఏ కోర్సులో చేరాలో తెలియడం కంటే, ఒక ఆట ఎందుకు బాగుందో, ఎందుకు బాగాలేదో కారణంతో సహా చెప్పగలగడం ముందుగా రావాలి. మీ స్నేహితులు మీ కథ దాకా రానేలేదు. పది నిమిషాల్లో వాళ్ల చేతికి తగిలింది పరుగు, జంప్, కత్తి దెబ్బ, అంతే. కాబట్టి లోపాన్ని కూడా అక్కడే వెతకాలి.

ప్లాట్‌ఫామ్ గేమ్‌లో ఆడేవారు వేలసార్లు చేసే పని జంప్. మామూలు రోల్ ప్లేయింగ్ గేమ్‌లో మెనూ తెరిచి, ఏ ఆయుధం వాడాలో ఆలోచించుకునే తీరిక చాలాసార్లు ఉంటుంది. మీరు ఎంచుకున్న రకంలో ఆ తీరిక తక్కువ, బటన్ నొక్కిన క్షణమే హీరో కదలాలి. సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద మారే బొమ్మలు, నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. అందులో నాలుగైదు ఫ్రేములు ఆలస్యమైతే కారణం ఏమిటో ఆడేవారు చెప్పలేకపోవచ్చు గాని, ఏదో మొద్దుగా ఉందని మాత్రం అనేస్తారు.

ఈ జంప్‌ను ఊహతో కాకుండా మీ ఫిజిక్స్ పుస్తకంతోనే కుదర్చవచ్చు. సరళరేఖలో చలనం పాఠంలో నేర్చుకున్న సూత్రాలు చాలు. ఆట తెరను సమాన చదరపు గళ్లుగా విభజించుకుని, హీరో 3 గళ్ల ఎత్తుకు 0.4 సెకన్లలో చేరాలని మీరు నిర్ణయించుకున్నారనుకోండి. ఎత్తును రెట్టింపు చేసి కాలం వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం వస్తుంది: 6ను 0.16తో భాగిస్తే 37.5. అదే రెట్టింపు ఎత్తును కాలంతో భాగిస్తే తొలి వేగం వస్తుంది: 6ను 0.4తో భాగిస్తే సెకనుకు 15 గళ్లు. చాలా ఆటల్లో కిందికి దిగేటప్పుడు గురుత్వాన్ని పెంచుతారు, లేకపోతే హీరో దూదిపింజెలా గాలిలో తేలుతున్నట్లు కనిపిస్తాడు. మీరు దాన్ని రెట్టింపు చేస్తే దిగడానికి పట్టే కాలం 0.28 సెకన్లు, గాలిలో ఉండే మొత్తం కాలం 0.68 సెకన్లు అవుతుంది. హీరో సెకనుకు 6 గళ్లు పరుగెత్తితే ఒక్క జంప్‌లో దాటగలిగేది 4 గళ్ల కంటే కాస్త ఎక్కువ. ఇక ఆటలోని చోట్లు గీసేటప్పుడు 3 గళ్ల అగాధం సులువు, 4 గళ్లది కష్టం, 5 గళ్లది అసాధ్యం అని కాగితం మీదే తేలిపోతుంది. ఆ 5 గళ్ల అగాధాన్ని గుర్తుపెట్టుకోండి, దాని అవసరం తరువాత వస్తుంది.

లెక్క కుదిరాక కొంత దయ కూడా కలపాలి. హీరో అంచు దాటిన తరువాత కూడా కొన్ని ఫ్రేముల పాటు జంప్‌ను అనుమతించే పద్ధతిని ఈ రంగంలో కయోటీ టైమ్ అంటారు. నేలను తాకడానికి కాస్త ముందే నొక్కిన బటన్‌ను గుర్తుంచుకుని, కాలు మోపగానే జంప్ చేయించడం మరొకటి. బటన్ త్వరగా వదిలితే చిన్న జంప్, పట్టుకుని ఉంటే పెద్ద జంప్ రావడం ఇంకొకటి. 2018లో వచ్చిన సెలెస్ట్ చాలా కఠినమైన ఆటే అయినా, ఓడిపోయినవారు ఆటను తిట్టుకోకుండా మళ్లీ ప్రయత్నిస్తారు. ఇలాంటి చిన్న సర్దుబాట్లు అందుకు పెద్ద కారణం.

ఇప్పుడు మీ 99 లెవెల్స్ సంగతి చూద్దాం. మొదటి లెవెల్‌లో హీరో దెబ్బ విలువ 10, శత్రువు ప్రాణం 50 అనుకుంటే అయిదు దెబ్బలు కావాలి. తరువాతి లెవెల్‌లో దెబ్బ 12, కొత్త శత్రువు ప్రాణం 60 అయితే మళ్లీ అయిదు దెబ్బలే. తెర మీద అంకెలు పెరిగాయి గాని చేతికి తెలిసిన మార్పు ఏమీ లేదు. రోల్ ప్లేయింగ్ అంశాన్ని ప్లాట్‌ఫామ్ ఆటకు అతికించే చాలామంది ఆగిపోయేది ఇక్కడే. నా అభిప్రాయంలో ఈ రకం ఆటకు ప్రాణం ఒక్కటే: హీరో ఎదిగిన ప్రతిసారీ అతను నేల మీద, గోడ మీద, గాలిలో కదిలే తీరు మారాలి, లేదా అంతకుముందు భయపెట్టిన చోటు ఇప్పుడు వేరుగా అనిపించాలి. నాలుగు దెబ్బలకు పడే శత్రువు రెండు దెబ్బలకు పడితే పోరాటం లయే మారుతుంది. దెబ్బ 10 నుంచి 11 కావడం వల్ల ఏ లయా మారదు.

ఈ విషయాన్ని పాత ఆటల్లో స్పష్టంగా చూడవచ్చు. 1987లో నింటెండో విడుదల చేసిన రెండో జెల్డా ఆటలో శత్రువులను ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లతో దాడి, మాయాశక్తి, ప్రాణశక్తి పెంచుకోవచ్చు. కానీ ఆడినవారికి ఎక్కువగా గుర్తుండేది ఒక ఊళ్లో కత్తి యోధుడి దగ్గర నేర్చుకునే విద్య, అంటే గాలిలో ఉండగా కత్తిని కిందికి దించి పొడవడం. అది నేర్చుకున్నాక జంప్ అన్నది దాటడానికే కాక కొట్టడానికి కూడా పనికొస్తుంది. 1997లో కొనామి విడుదల చేసిన క్యాజిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్‌లో నాయకుడు అలుకార్డ్ మంచి ఆయుధాలతో కోటలోకి దూసుకొస్తాడు, కాసేపటికే మృత్యువు వాటన్నింటినీ లాక్కుంటాడు. పోయినదాని విలువ ఆడేవారికి ముందే తెలుసు కాబట్టి, ఆ తరువాత దొరికే ప్రతి కత్తికీ, డాలుకూ బరువు వస్తుంది. గబ్బిలంగా, పొగమంచుగా మారే శక్తులు వచ్చేకొద్దీ కోటలో మూసుకుపోయినట్లున్న దారులు తెరుచుకుంటాయి. 2004లో వచ్చిన కేవ్ స్టోరీ మరో దారి పట్టింది. అక్కడ లెవెల్ ఆయుధానికి ఉంటుంది, దెబ్బ తింటే ఆయుధం అనుభవం తగ్గి లెవెల్ కూడా పడిపోవచ్చు. అంటే అంకెల లెక్కా, తప్పించుకునే చాతుర్యమూ విడివిడిగా ఉండవు. మీ 40 ఆయుధాల జాబితా తీసి, వీటిలో ఏది చేతిలో ఉంటే నా హీరో వేరుగా కదులుతాడు అని ఒక్కొక్కదాన్నీ అడగండి. నాలుగైదు మిగిలితే అవి చాలు.

ఆడబుద్ధి కావడం ఒక ఎత్తు, గుర్తుండిపోవడం మరొక ఎత్తు. ప్లాట్‌ఫామ్ ఆర్పీజీలో జ్ఞాపకం ఎక్కువగా చోట్లకు అంటుకుని ఉంటుంది. 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన టీమ్ చెర్రీ విడుదల చేసిన హాలో నైట్‌లో కొత్త ప్రాంతంలోకి వెళ్లినప్పుడు పటం చేతిలో ఉండదు. దాన్ని గీసే కార్నిఫర్ అక్కడే ఎక్కడో ఉంటాడు. నేల మీద పడి ఉన్న కాగితాలు, అతను కూనిరాగం తీస్తున్న చప్పుడు పట్టుకుని వెతుక్కోవాలి. దారి తప్పిన భయం, ఆ రాగం వినబడగానే కలిగే ఊరట కలిసి ఆ ప్రాంతాన్ని మనసులో నాటేస్తాయి. ఆ ఆటలో అనుభవ పాయింట్లూ, లెవెల్సూ లేవు కాబట్టి దాన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అనవచ్చా అని వాదించేవారు ఉన్నారు. మీరు నేర్చుకోవలసింది దొరుకుతున్నంత కాలం ఆ వాదనలో దిగనవసరం లేదు.

మీరు ఉదయగిరిని ఎంచుకోవడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే కొండకోట అనేదే ఇలాంటి ఆటకు సిద్ధంగా ఉన్న పటం. దిగువన నిలబడితే పై ప్రాకారం కనిపిస్తుంది గాని అందదు. మీ 5 గళ్ల అగాధాన్ని అక్కడ పెట్టండి. ఆట మొదట్లోనే హీరో దాన్ని చూసి వెనుదిరగాలి, గాలిలో ఉండగానే వేసే రెండో జంప్ నేర్చుకున్నాక తిరిగి వచ్చి దాటాలి. చరిత్ర కూడా మీకు ఒక అరుదైన వస్తువును ఇస్తోంది. శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గజపతుల నుంచి ఈ కోటను గెలుచుకున్నారు, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తీసుకెళ్లి హంపిలో గుడి కట్టించి ప్రతిష్ఠించారు. మీ ఆటలో హీరో మొదట అడుగుపెట్టే గుడిలో విగ్రహం లేని పీఠం ఒకటి పెట్టి, దాని గురించి ఎవరిచేతా ఒక్క మాట కూడా చెప్పించకండి. కోట చివరి అంతస్తుకు వెళ్లాక అది ఎందుకు ఖాళీగా ఉందో తెలిస్తే, ఆడినవారు ఆ గదిని మరచిపోరు. మీరు రాసుకున్న పెద్ద కథలో పాత్రలు వరుసగా నిలబడి చెప్పే సంభాషణలు సగానికి పైగా ఇలాంటి చోట్లలోకి ఇంకిపోవచ్చు. సంగీతం విషయంలోనూ అంతే, ఒక ప్రాంతానికి ఒక రాగం కేటాయించి దాన్ని మరెక్కడా వాడకండి.

కాబట్టి ప్రస్తుతానికి 99 లెవెల్స్ పక్కన పెట్టి, మూడు గదులు, ఒక కొత్త శక్తి, ఇద్దరు శత్రువులు ఉన్న చిన్న ఆట పూర్తి చేయండి. కేవ్ స్టోరీని జపాన్‌కు చెందిన దైసుకే అమయా ఒక్కరే తయారుచేశారని చదివి ఉత్సాహపడేవారు, అందుకు ఆయనకు సుమారు అయిదేళ్లు పట్టిందన్న మాటను దాటేస్తుంటారు. పూర్తయ్యాక ఆటలు ఎక్కువగా ఆడని వారిని, మీ ఇంట్లో పిన్నినో, చిన్నాన్ననో కూర్చోబెట్టి, వెనుక నిలబడి నోరు మెదపకుండా చూడండి. ఎక్కడ చనిపోతున్నారు, ఎక్కడ తెర మొత్తం వెతుకుతున్నారు, ఏ బటన్‌ను పదేపదే నొక్కుతున్నారు అన్నది రాసుకోండి. "ఇక్కడ ఇలా చేయాలి" అని మీరు చెప్పవలసి వచ్చిన ప్రతి చోటూ సరిదిద్దవలసిన చోటే. సవరించిన ఆటను ఇచ్.ఐఓ (itch.io) వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టవచ్చు. రేపు ఇంటర్న్‌షిప్ అడిగినప్పుడు ధ్రువపత్రాల కంటే ముందు చూపించవలసింది ఆ లింకే.

వృత్తి విషయానికి వస్తే, మీ నాన్నగారి మాటను కొట్టిపారేయకండి. గేమ్ అనగానే చాలామంది తల్లిదండ్రులకు గుర్తొచ్చేది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ. వాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌నూ, డబ్బు పందెం లేని ఆటలనూ వేరుగా గుర్తించింది. మీరు చేస్తున్నది ఈ రెండో కోవకు చెందిన పని అని ఆయనకు నిదానంగా చెప్పండి. అదే సమయంలో మీరు కూడా ఒక నిజాన్ని ఒప్పుకోవాలి. మన దేశంలో పని ఎక్కువగా మొబైల్ ఆటల్లోనూ, విదేశీ సంస్థలకు చేసిపెట్టే ఆర్ట్, టెస్టింగ్ పనుల్లోనూ ఉంది. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, పుణెలోనో చేరిన మొదటి ఉద్యోగంలోనే ప్లాట్‌ఫామ్ ఆర్పీజీ రూపొందించే అవకాశం దాదాపు రాదు.

మీ లెక్కలూ, ఫిజిక్సూ బాగుండి, కోడింగ్ మీద ఇష్టం ఉంటే ఈఏపీసెట్ రాసి కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేయడం మంచి దారే. గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌గా వెళ్లడానికి అది సరిపోతుంది, ఈ రంగంలో పని దొరకని రోజున మరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికీ పనికొస్తుంది. గదులు గీయడం, శక్తులు ఊహించడం, ఆడేవారిని గమనించడమే మీకు ఎక్కువ ఇష్టమైతే డిజైన్‌లో డిగ్రీ అయిన బీడిజైన్ వైపు చూడండి. ఐఐటీ హైదరాబాద్ సహా కొన్ని ఐఐటీల్లో బీడిజైన్ ప్రవేశాలకు ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ ప్రవేశ పరీక్ష రాయాలి. మన రాష్ట్రంలోని ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్‌లో చేరాలంటే ఎన్‌ఐడీ డ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. గేమ్ డిజైన్‌లోనే పీజీ చేయాలనుకుంటే ఎన్‌ఐడీ బెంగళూరు ప్రాంగణంలో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండిజైన్ ఉంది. యూసీడ్‌లో బొమ్మ గీసే ప్రశ్న కూడా ఉంటుంది కాబట్టి రోజూ కొంతసేపు పెన్సిల్ పట్టుకోవడం అలవాటు చేసుకోండి, కోట గదులే గీయండి. ఈ పరీక్ష జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో మొదలవుతాయి, అంటే మీరు రెండో సంవత్సరంలో ఉండగానే అన్నమాట. ఈలోగా వేసవి సెలవుల్లో మూడు గదుల ఆట పూర్తి చేసి, ముందుగా నాన్నగారిచేతే ఆడించండి.