మనవరాలికి ఉత్తరం: హైడన్ క్వార్టెట్ రికార్డింగులను పోల్చి వినడం

కడప

చిరంజీవి మనవరాలికి అబ్బ ఆశీస్సులు.

పాశ్చాత్య స్వరకర్త హైడన్ రాసిన ‘ఎంపరర్’ క్వార్టెట్‌ను, అంటే రెండు వయొలిన్లు, వాటికన్నా కొంచెం పెద్దదైన వియోలా, ఇంకా పెద్దదైన చెల్లో కలిసి వాయించే రచనను, నాలుగైదు బృందాల రికార్డింగుల్లో విన్నానని, వాటిలో ఏది మేలైనదో తేల్చుకోలేకపోతున్నానని రాశావు. మేలైనది ఏదన్న ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టు. రెండు రికార్డింగుల మధ్య తేడా ఎక్కడ పుడుతున్నదో ముందు చెవికి తెలియాలి.

నీవు కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నావు కనుక, ప్రధాన గాత్రాన్ని పట్టుకొని తక్కినవాటిని పక్కవాద్యాలుగా వినడం నీకు అలవాటైపోయింది. క్వార్టెట్‌ను కూడా అలాగే వింటే మొదటి వయొలిన్ ఒక్కటే చెవిన పడుతుంది. అప్పుడు మంచి బృందాలన్నీ ఇంచుమించు ఒకేలా తోస్తాయి. నా లెక్కలో బృందాల తారతమ్యం బయటపడేది, ఆ క్షణంలో పాట తమ చేతిలో లేని ముగ్గురి దగ్గర.

ఇది తెలుసుకోవడానికి ఆ రచనలోని రెండో భాగాన్ని మించిన పాఠం నాకు కనిపించలేదు. చక్రవర్తి ఫ్రాంజ్ కోసం 1797లో తాను కట్టిన గీతాన్నే హైడన్ అక్కడ తీసుకొని, దాని మీద నాలుగు వేరియేషన్లు (రూపాంతరాలు) రాశాడు. పాటను దాదాపు ముట్టుకోకుండా ఒక్కొక్కసారి ఒక్కొక్క వాద్యానికి అప్పగించి, దాని చుట్టూ ఉన్నదాన్ని మాత్రమే మారుస్తూ పోయాడు. మొదటి వేరియేషన్‌లో పాట రెండో వయొలిన్‌ది. మొదటి వయొలిన్ పైన చిన్న స్వరాలతో అల్లిక అల్లుతుంది, తక్కిన ఇద్దరూ ఊరుకుంటారు. ఆ అల్లికను తన ప్రజ్ఞ చూపడానికి వాడుకునేవారు ఉన్నారు, పాట వినబడేటంత సన్నగా వాయించేవారూ ఉన్నారు. రెండోసారి పాట చెల్లోకు వస్తుంది. మూడోసారి వియోలాకు వస్తుంది. అక్కడ ఆగి, ఆ ఒక్క వేరియేషన్‌నే అన్ని రికార్డింగుల్లో మళ్లీ మళ్లీ విను. వియోలాది మధ్యస్థాయి గొంతు కనుక, ఒక్కొక్కరుగా వచ్చి చేరే తక్కిన ముగ్గురు తగ్గకపోతే పాట మునిగిపోతుంది. వాళ్లు నిజంగా తగ్గారా, లేక మైకును వియోలాకు దగ్గరగా పెట్టి పని కానిచ్చారా అన్నది నాదాన్ని బట్టి తెలుస్తుంది. కమాను ఒత్తిడి తగ్గించి వాయించినప్పుడు నాదపు రంగే మారుతుంది. యంత్రం మీద శబ్దాన్ని మాత్రమే తగ్గిస్తే ఆ రంగు మారదు.

కాలప్రమాణాన్ని పోల్చడానికి కూడా ఈ భాగమే నమ్మదగినది, ఎందుకంటే ఇందులో తిరిగి వాయించమనే గుర్తులు లేవు. మొదటి భాగంలో రెండు సగాలకూ ఆ గుర్తులు ఉన్నాయి. కొందరు రెండింటినీ పాటిస్తారు, కొందరు మొదటిదాన్ని మాత్రమే పాటిస్తారు. మొత్తం నిడివి చూసి ఒక బృందం వడివడిగా వాయించిందని నిర్ణయిస్తే పొరపాటు పడతావు.

శ్రుతి విషయంలో నీ శిక్షణ నీకు మేలు చేస్తుంది. నేటి బృందాలు సాధారణంగా ‘ఎ’ అనే స్వరాన్ని 440 హెర్ట్జ్ (సెకనుకు 440 కంపనాలు) దగ్గర శ్రుతి చేసుకుంటే, హైడన్ కాలపు పద్ధతిని అనుసరించేవారు గొర్రె పేగుతో చేసిన తీగలు బిగించి, తరచు 430 దగ్గర నిలుస్తారు. ఈ తేడా అర్ధస్వరంలో సగానికన్నా తక్కువే అయినా, వెంటవెంటనే వింటే రెండోది మందంగానో మృదువుగానో అనిపిస్తుంది. అది వాయించినవారి భావమని పొరబడకుండా, మధ్యలో కొంత విరామం ఇచ్చి విను. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల నుంచి ఎక్కించినవాటిలో, తిప్పిన వేగం కొంచెం తప్పినా శ్రుతీ కాలమూ రెండూ కదిలిపోతాయి. ఆ పాత బృందాలలో స్వరం నుంచి స్వరానికి జారడం ఎక్కువ. జారు గమకానికి అలవాటుపడిన మన చెవులు వాటి వైపు వెంటనే మొగ్గుతాయి, నావి ఇప్పటికీ మొగ్గుతాయి. ఆ మొగ్గును కాస్త అనుమానించు.

శబ్దాన్ని అన్నింటికీ సమానం చేసుకోకుండా మాత్రం పోలికకు దిగవద్దు, కొంచెం బిగ్గరగా ఉన్నదే మెరుగైనదని చెవి మోసపోతుంది. ఇక్కడి ఎండల్లో ఫ్యాను ఆపమని నిన్ను అడగలేను కాని, నాలుగో వేరియేషన్ చివర నలుగురూ సన్నబడే చోటు ఫ్యాను రొదలో వినబడదు కనుక, తెల్లవారుజామున వింటే మంచిది.

మొదట రెండు రికార్డింగులే ఎంచుకో. 1947లో లండన్‌లో ఏర్పడి, వియోలా విద్వాంసుడు పీటర్ షిడ్లాఫ్ 1987లో మరణించేవరకు ఆ నలుగురితోనే సాగిన అమడేయస్ బృందానిది ఒకటి. అందులో మొదటి వయొలిన్ ధారాళమైన వైబ్రాటోతో (తీగపై వేలిని ఊపి స్వరాన్ని కంపింపజేయడం) ముందు నిలుస్తుంది. పేగు తీగలతో వాయించే మొజాయిక్ బృందానిది రెండోది. అక్కడ వైబ్రాటో పొదుపుగా ఉంటుంది, నాలుగు గొంతులూ విడివిడిగా వినబడతాయి. నాకు మొజాయిక్ వారిదే ఇష్టం, కాని అది నీ తీర్పు కానక్కరలేదు. మధ్యేమార్గంగా కొడాయ్ బృందం రికార్డింగును ఆ తరువాత విను.

ఈ మూడూ పూర్తయ్యాక హైడన్ ‘ఎంపరర్’ను చేర్చిన ఆరు క్వార్టెట్ల సంపుటిలో రెండోదానిలోని మినుయెట్ (నాట్యపు లయలో సాగే భాగం) తీసుకో. అందులో రెండు వయొలిన్లు కలిసి ఒక వరుసను వాయిస్తే, వియోలా, చెల్లో కలిసి దాన్నే కొంచెం వెనుకగా అనుసరిస్తాయి. వెనుక వచ్చే జత ఏ బృందంలో ముందు జతకు సమానమైన బరువుతో వినబడిందో, ఏ బృందంలో నీడలా మిగిలిపోయిందో వచ్చే ఉత్తరంలో నాకు రాయి.

ఇట్లు,
మీ అబ్బ