అమెరికా ఆరోగ్య బీమా చట్టం చిన్న హోటల్‌కీ, పెద్ద రెస్టారెంట్ చెయిన్‌కీ ఒకేలా వర్తిస్తుందా?

వర్తించదు. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ యాక్ట్, అదే అందరూ ఒబామాకేర్ అనేది, 50 దగ్గర గీత గీసింది. ఏడాది సగటున 50 మంది ఫుల్‌టైమ్ ఉద్యోగులు, లేదా అందుకు సమానమైన సిబ్బంది ఉంటేనే యజమాని బీమా ఇవ్వాలి. ఇవ్వకపోతే జరిమానా పడొచ్చు. అంతకు తక్కువైతే ఆ బాధ్యతే లేదు.

తిరకాసంతా ఈ లెక్కలోనే ఉంది. వారానికి కనీసం 30 గంటలు చేస్తే ఫుల్‌టైమ్. పార్ట్‌టైమ్ వాళ్ల నెల గంటలన్నీ కూడి 120తో భాగిస్తారు. ఒక రెస్టారెంట్‌లో 40 మంది ఫుల్‌టైమ్ వాళ్లు, నెలకు 60 గంటల చొప్పున చేసే పార్ట్‌టైమర్లు 20 మంది ఉన్నారనుకోండి. ఆ 1,200 గంటలు 10 మందితో సమానం. మొత్తం 50, గీత దాటేసినట్టే! అయితే బీమా ఇవ్వాల్సింది ఆ 40 మందికే. అందుకే కొందరు యజమానులు వారానికి 29 గంటల దగ్గరే డ్యూటీ ఆపేస్తారు. నష్టపోయేది వెయిటర్లే.

ఫ్రాంచైజీల సంగతి వేరు. బోర్డు మీద ఎంత పెద్ద బ్రాండ్ ఉన్నా, ఒక్క షాపే ఉన్న యజమాని తన సిబ్బందినే లెక్క చూపిస్తాడు. అదే మనిషికి నాలుగు షాపులుంటే, వేర్వేరు కంపెనీల పేరు మీద ఉన్నా కలిపే లెక్కిస్తారు. రెండో షాపు కొనే ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఇదే చట్టం ప్రకారం 20 లేదా అంతకు మించి శాఖలున్న చెయిన్లు మెనూలో క్యాలరీలు కూడా చూపించాలి, ఇది 2018 మే నుంచి అమల్లో ఉంది. చిన్నవాళ్లకు ఆ టెన్షన్ లేదు. 25 మంది లోపు సిబ్బంది, తక్కువ జీతాలు ఉండి బీమా ఇస్తే పన్ను రాయితీ ఉంది గానీ, ప్రీమియంలో కనీసం సగం యజమానే కట్టాలి, అదీ వరుసగా రెండేళ్లకే.