హార్నెస్ రేసులో మొదట గుర్రం కాళ్లు చూడండి

వచ్చే నెల సిడ్నీలో కూతురు దగ్గరికి వెళ్తున్నామనీ, అక్కడ హార్నెస్ రేసు, అంటే గుర్రాలు తేలికైన బండిని లాగుతూ పోటీపడే పందెం, చూడబోతున్నామనీ, ఏమి గమనించాలనీ మీరు అడిగారు. రెండేళ్ల క్రితం మా అబ్బాయి నన్ను అక్కడి మెనాంగిల్ ట్రాక్‌కు తీసుకెళ్లాడు. చుట్టూ 1,400 మీటర్ల ట్రాక్. అయితే ఈ పందెంలోని అసలు కిటుకు నాకు విజయనగరంలోనే తెలుసు.

మా నాన్నగారు రైల్వే స్టేషన్ నుంచి కోట వైపు జట్కా తోలేవారు. గుర్రం దౌడు అందుకోబోతే కొరడా ముట్టేవారు కాదు. పగ్గాలు కాస్త బిగించి, మెల్లగా మాట్లాడుతూ మళ్లీ పాత నడకలోకి తెచ్చేవారు. హార్నెస్ రేసులో జరిగేదీ అదే. గుర్రం ఎంత వేగంగానైనా వెళ్లవచ్చు, దౌడు మాత్రం తీయకూడదు.

గుర్రం మీద ఎవరూ ఎక్కరు. వెనక సల్కీ అనే రెండు చక్రాల తేలికైన బండి, దాని మీద డ్రైవరు. నడకను బట్టి ఈ గుర్రాలు రెండు రకాలు. ట్రాటర్ ముందు ఎడమ కాలుతో పాటు వెనక కుడి కాలు కదుపుతుంది. పేసర్ ఒకే పక్క రెండు కాళ్లనూ కలిపి వేస్తుంది. మీరు ఎక్కువగా చూసేది పేసర్లనే. వాటి కాళ్లకు హాబుల్స్ అనే పట్టీలు ఉంటాయి, నడక తప్పకుండా. ఫ్రాన్స్‌లో అయితే అన్నీ ట్రాటర్లే.

నేను చివరి మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డాను. రెండో స్థానంలో వస్తున్న గుర్రం ఒక్కసారి తల పైకెత్తి దౌడులో పడింది. డ్రైవరు వెనక్కి వాలి పగ్గాలు లాగుతూ దాన్ని పక్కకు తప్పించాడు. నడక కుదిరేసరికి మిగతావన్నీ దాటిపోయాయి. తప్పిన గుర్రాన్ని అలా ఆపాల్సిందే, దౌడుతో ముందుకు వెళ్లడం ఒప్పుకోరు. నా గుండె కూడా దానితో పాటే జారింది.

మొదలు కూడా చూడదగ్గదే. రెక్కల్లా చాచిన గేటుతో ఒక కారు ముందు పోతుంది, గుర్రాలు దాని వెనకే పరుగెత్తుతూ వస్తాయి. గీత దగ్గరికి రాగానే రెక్కలు ముడుచుకుని కారు దూసుకుపోతుంది. ఆ తర్వాత ఎవరు ఎక్కడున్నారో చూడండి. ముందున్న గుర్రం వెనక నడిచేదానికి గాలి తగలదు. అన్నిటికన్నా ముందున్నదానికి బయటి పక్కన, గాలికి అడ్డు లేకుండా పరుగెత్తే చోటును డెత్ సీటు అంటారు. అక్కడ నుంచి గెలిచిన గుర్రాన్ని మనసారా మెచ్చుకోవాలి.

ఆ గుర్రాల జాతి పేరు స్టాండర్డ్‌బ్రెడ్. 1879లో అమెరికాలో మైలు దూరాన్ని 2 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తి చేయడమే ప్రమాణంగా పెట్టారు, పేరు అలా వచ్చింది. ఇప్పటి మంచి పేసర్లు 1 నిమిషం 50 సెకన్ల లోపే పూర్తి చేస్తున్నాయి.

మొదటి రేసుకు పై గ్యాలరీలో కూర్చోకండి. కంచె దగ్గరే నిలబడండి, డెక్కల చప్పుడు వినిపించేంత దగ్గరగా.