చీమకుర్తి సోదరుడికి: కోత, కుట్టు లేని వేసెక్టమీ (మగవారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్) గురించి

వచ్చే వారం ఒంగోలులో ఆపరేషన్ అని, క్వారీలో బరువులెత్తే మీకు బలం తగ్గిపోతుందని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడుతున్నారని రాశారు. ఆ భయానికి ఆధారం లేదు. వృషణాల జోలికే వెళ్లరు. వీర్యకణాలు వచ్చే రెండు సన్నని నాళాలను కత్తిరించి ముడి వేస్తారు, అంతే. మగ హార్మోను నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి కండబలం, కోరిక ఎప్పటిలాగే ఉంటాయి. వీర్యం కూడా చూడడానికి తేడాగా ఉండదు.

మొత్తం ఇరవై నిమిషాల పని. మత్తు సూది చురుక్కుమంటుంది. నాళాన్ని బయటికి తీసేటప్పుడు పొత్తికడుపులో ఏదో లాగినట్టుంటుంది; నాకు ఇబ్బంది అనిపించింది అదొక్కటే. గాయం చిన్న రంధ్రమంత, కుట్లుండవు. బిగుతైన లోదుస్తులు తీసుకెళ్లండి. తిరుగు ప్రయాణంలో బైకు మాత్రం వద్దు.

రెండు రోజులు విశ్రాంతి తీసుకుంటే తేలిక పనులు చేసుకోవచ్చు. రాయి జోలికి మాత్రం కనీసం వారం వెళ్లకండి, మేస్త్రీకి ఇప్పుడే చెప్పి ఉంచండి. కాస్త వాపు, కమిలిన రంగు మామూలే. వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చాలామంది తప్పటడుగు వేసేది ఆ తర్వాతే. గర్భం రాకుండా రక్షణ ఆపరేషన్ అయిన రోజే మొదలవదు, నాళాల్లో పాత కణాలు మిగిలే ఉంటాయి. 3 నెలల తర్వాత వీర్య పరీక్ష చేయించి, కణాలు లేవని డాక్టరు చెప్పేదాకా కండోమ్ మానకండి.