మేత భూమిని లెక్కలోకి తీసుకోని పునరావాసం: మసాయి పశుపోషకుల హక్కులు

ప్రశ్న: నాది అనంతపురం జిల్లా. ప్రస్తుతం కెన్యాలో నైవాషా దగ్గరి ఒక పూలతోటలో లెక్కలు చూస్తున్నాను. నాతో పనిచేసే మసాయి మిత్రుడి ఊరిని ఒక విద్యుత్ ప్రాజెక్టు కోసం ఖాళీ చేయమంటున్నారు. ఆ ప్రాజెక్టుకు ప్రపంచ బ్యాంకు అప్పు ఇస్తోందట. కుటుంబానికొక సిమెంటు ఇల్లు ఇస్తామని ఒప్పంద పత్రం చూపించారు గానీ, పశువుల మేత గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. వాళ్ల దగ్గర పట్టాలు లేవు. సంతకం పెట్టవచ్చా? కాదంటే బ్యాంకు మీద కేసు వేయవచ్చా? మా తాతలు గొర్రెల మందలతో ఊరూరా తిరిగినవాళ్లు కనుక అడుగుతున్నాను.

జవాబు: నేను భారతదేశంలో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని. కెన్యా కోర్టులో ఏది దాఖలు చేయాలన్నా అక్కడి అడ్వకేటే చేయాలి. అయినా మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు సంకోచం లేదు. మేత ప్రస్తావన లేని ఆ పత్రం మీద ఇప్పుడే సంతకం పెట్టవద్దని మీ మిత్రుడికి చెప్పండి.

పట్టా లేనంత మాత్రాన హక్కు లేదనుకోవడం పొరపాటు. కెన్యా 2010 రాజ్యాంగంలోని 63వ అధికరణ, ఒక సముదాయం చట్టబద్ధంగా వాడుకుంటున్న మేత భూములను సముదాయ భూములుగా గుర్తిస్తుంది. 260వ అధికరణ పశుపోషకులను, వారు సంచారులైనా స్థిరపడినవారైనా, అణగారిన సముదాయాల నిర్వచనంలో చేర్చింది. రిజిస్టరు కాని సముదాయ భూమిని ప్రభుత్వం సేకరిస్తే, దాని పరిహారాన్ని కౌంటీ ప్రభుత్వం ఆ సముదాయం తరఫున ధర్మకర్తగా మాత్రమే ఉంచుకోవాలని 2016 నాటి సముదాయ భూముల చట్టం చెబుతోంది.

అయితే మీ ప్రాంతంలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచడం మీకు మేలు చేయదు. నైవాషా చుట్టుపక్కల నుంచి మసాయిలను బ్రిటిష్ పాలకులు 1904 ఒప్పందంతో తరలించారు. 1911లో మరో ఒప్పందంతో లైకిపియా నుంచి కూడా పంపించారు. దాని మీద వేసిన దావాను, అది రెండు సార్వభౌమ పక్షాల మధ్య ఒడంబడిక కనుక తమ పరిధిలోకి రాదంటూ 1913లో కోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత అక్కడి భూములు ప్రైవేటు పశుక్షేత్రాల (రాంచ్‌ల) పేరిట, జాతీయ పార్కుల పేరిట నమోదయ్యాయి. కాబట్టి మీ మిత్రుడి ఊరు ఉన్న నేల ఈ రోజు రికార్డులో ఎవరి పేరున ఉందో ముందు భూమి రిజిస్ట్రీలో తీయించాలి. అది మరొకరి పేరున ఉంటే కెన్యా చట్టం కింద వాదించడం కష్టమవుతుంది.

అప్పుడు కూడా బ్యాంకు నిబంధనలు పనికొస్తాయి. 2018 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ప్రపంచ బ్యాంకు పర్యావరణ, సామాజిక ప్రమాణాలలో అయిదవది పునరావాసానికి సంబంధించినది. పట్టా లేనివారికి కూడా అది సహాయం తప్పనిసరి చేసింది. ఏడవది ఆదివాసీ, సంప్రదాయ సముదాయాలది. దాని ప్రకారం అనాదిగా వాడుకుంటున్న భూమి నుంచి వారిని తరలించాలంటే, వారు స్వేచ్ఛగా, ముందుగానే, అన్ని విషయాలూ తెలుసుకుని ఇచ్చిన సమ్మతి ఉండాలి. కనుక మీ మిత్రుడి ఊరి పెద్దలు బ్యాంకు నైరోబీ కార్యాలయానికి రాతపూర్వకంగా వేయవలసిన మొదటి ప్రశ్న, ఈ ప్రాజెక్టుకు ఏడవ ప్రమాణాన్ని వర్తింపజేశారా లేదా అన్నదే.

ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో మీకు దగ్గర్లోనే ఉన్న ఒల్కారియా చెబుతుంది. ప్రపంచ బ్యాంకు, యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు తదితరుల అప్పుతో కట్టిన భూతాప (భూమి లోపలి వేడితో నడిచే) విద్యుత్ కేంద్రం కోసం 2014లో నాలుగు మసాయి ఊళ్లను 1,700 ఎకరాల కొత్త స్థలానికి తరలించారు. ఇళ్లు కట్టి ఇచ్చారు, బడి కట్టారు. కానీ ఆ భూమిలో కొంత భాగం నిట్టనిలువు వాగు కోతలు. పశువు దిగలేని ఎకరా కూడా కాగితం మీద ఎకరాగానే లెక్కకు వచ్చింది. ప్రజల ఫిర్యాదుపై బ్యాంకు తనిఖీ మండలి (ఇన్‌స్పెక్షన్ ప్యానెల్) విచారించి, ఆదివాసీల విధానాన్ని బ్యాంకు తగినట్టుగా వర్తింపజేయలేదని 2015లో తేల్చింది. మధ్యవర్తిత్వం తర్వాత 2016 మేలో ఒప్పందం కుదిరింది. తరలింపుకు ముందే అడగవలసినవాటిని, ఊళ్లు కదిలాక ఏళ్ల తరబడి తిరిగి సాధించుకోవలసి వచ్చింది.

అందుకే సాక్ష్యం ఇప్పుడే సిద్ధం చేయించండి. సర్వే చేసేవాళ్లు ఇంటిని కొలుస్తారు, ఎందుకంటే ఇల్లు కదలదు. పశుపోషకుడి ఆస్తిలో ఎక్కువ భాగం కదిలే దారిలో ఉంటుంది. పెద్దలను, ముఖ్యంగా స్త్రీలను, వెంటబెట్టుకుని నడవండి. మార్చి నుంచి మే దాకా కురిసే వానల్లో మంద ఎక్కడ మేస్తుంది, ఎండు నెలల్లో ఏ నీటికి ఎంత దూరం పోతుంది, ఉప్పు నేల ఎక్కడుంది, పాలిచ్చే ఆవులను, దూడలను ఏ ముళ్లకంచె దొడ్డిలో ఉంచుతారు అన్నవి చూసి, ప్రతి చోటా ఫోనులో స్థలగుర్తింపు పనిచేసేలా పెట్టి ఫొటో తీయండి. వారు చెప్పినది వారి సొంత మసాయి భాషలోనే రికార్డు చేయండి. మా ప్రాంతపు గొర్రెల కాపరులకు మందను ఏ నెలలో ఏ ఊరి పొలంలో ఆపాలో నోటి లెక్కగా ఉన్నట్టే వారికీ ఉంటుంది. ఆ నోటి లెక్క కాగితం మీదికి రాకపోతే అధికారి ముందు నిలవదు.

ఇక ఫిర్యాదు. ముందు బ్యాంకు అధికారులకు రాయాలి. వారి జవాబు తృప్తి కలిగించకపోతే, ఒకే రకమైన నష్టం ఎదుర్కొంటున్న కనీసం ఇద్దరు కలిసి తనిఖీ మండలికి ఫిర్యాదు చేయవచ్చు. దీనికి రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు, పేర్లు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. ఆ మండలి పరిహారం ఇప్పించే కోర్టు కాదు. బ్యాంకు తన నిబంధనలను తాను పాటించిందా లేదా అని మాత్రమే చూస్తుంది. అయితే అప్పు విడుదల అవుతుండగా వచ్చే ఫిర్యాదుకు ఉండే బలం, ప్రాజెక్టు ముగిశాక వచ్చేదానికి ఉండదు.

బ్యాంకు మీద నేరుగా కేసు వేసే దారి ఇరుకైనది. గుజరాత్‌లోని ముంద్రా విద్యుత్ కేంద్రంపై అక్కడి మత్స్యకారులు, రైతులు ప్రపంచ బ్యాంకు బృందానికి చెందిన ఐఎఫ్‌సీని (అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్) అమెరికా కోర్టుకు ఈడ్చారు. అలాంటి సంస్థలకు దావాల నుంచి సంపూర్ణ రక్షణ లేదని 2019లో అమెరికా సుప్రీంకోర్టు వారి పక్షాన చెప్పినా, చివరకు 2021లో అప్పీలు కోర్టు ఆ కేసును నిలబెట్టలేదు. దానికన్నా కెన్యా పర్యావరణ, భూమి కోర్టులో ప్రాజెక్టు సంస్థ మీద వేసే పిటిషన్‌కు ఫలితం దొరికే అవకాశం ఎక్కువ. రాజ్యాంగం 22వ అధికరణ కింద సముదాయం తరఫున ఒకరు కూడా వేయవచ్చు. కెన్యాలోని బొగోరియా సరస్సు దగ్గరి మేత నేలల నుంచి ఎండోరోయిస్ పశుపోషకులను వెళ్లగొట్టడం ఆస్తి హక్కుకు, అభివృద్ధి హక్కుకు ఉల్లంఘనేనని ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ ఇచ్చిన నిర్ణయం 2010లో వెలువడింది. అడ్వకేటు దాన్ని ఉదహరించాలి.

మీరు పని పర్మిట్‌ మీద ఉన్న విదేశీయులు. ఫిర్యాదులో మీ పేరు పెట్టవద్దు, ఊరివాళ్లే సంతకం చేయాలి. ఒప్పంద పత్రంలో చేర్చమని వారు అడగవలసిన వాక్యం ఇది: “కొత్త స్థలంలో మేతకు, నీటికి, పశువుల దారికి పనికివచ్చే భూమి ఎంతో సముదాయ పెద్దలతో కలిసి కొలిచి, దాని హక్కు పత్రం సముదాయం పేరున రిజిస్టరు చేసి చేతికిచ్చిన తర్వాతే ఎవరినైనా తరలించాలి.”