రాజీ కోసం పెళ్లి చేసుకోమంటున్నారు

ప్రశ్న: మాది ఉదయగిరి పక్కన పల్లె. నాకు 24 ఏళ్లు. చెరువు నీటి వంతుల దగ్గర మొదలైన గొడవ పంచాయతీ ఎన్నికలతో ముదిరి, మా నాయనకూ అవతలి పార్టీ పెద్దాయనకూ పగ అయింది. రెండువైపులా కేసులున్నాయి. ఇప్పుడు పెద్దమనుషులు వాళ్లబ్బాయికి నన్నిచ్చి రాజీ చేస్తామంటున్నారు. నేను నాతో చదివిన అబ్బాయిని ప్రేమిస్తున్నాను. ‘గజపతి అంతటివాడే కూతుర్నిచ్చి రాజీ పడ్డాడు’ అంటాడు తాత. కాదంటే మళ్లీ కొట్టుకుంటారేమోనని భయం. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీరు కాదన్నాక రేపు ఎవరైనా కర్ర తీస్తే ఆ తప్పు కర్ర తీసినవాడిదే. ఆ పాపం మీ నెత్తిన వేసుకోకండి.

తాతగారు చెప్పింది మీ కోట కథే. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, మరుసటి ఏడు కొండవీడును ఒడిశా రాజులైన గజపతుల నుంచి గెలుచుకున్నాడు. చివరికి ప్రతాపరుద్ర గజపతి కూతుర్నిచ్చి సంధి చేసుకుంటే, కృష్ణకు ఉత్తరాన పోయిన సీమ ఆయనకు తిరిగి దక్కింది. మరి ఆ పిల్ల సంగతి? భర్తకు దూరంగా కంభంలో ఉండిపోయిందనీ, అక్కడి పెద్ద చెరువు ఆమె కట్టించిందేననీ ఆ వైపు జనం చెప్పుకుంటారు. తాతగారికి ఈ సగం కూడా గుర్తు చేయండి.

నా బెంగంతా పెళ్లి తర్వాత సంగతి. మీవాళ్లు రాత్రి మడవ తిప్పారన్న మాట పొద్దున్నే వంటింట్లో మీకే వినపడుతుంది. కోర్టు వాయిదాకు వెళ్లొచ్చిన మామగారికి అన్నం వడ్డించాల్సింది మీరే. అన్నట్టు, ఆ అబ్బాయిని ఎవరైనా అడిగారా? అతనికీ ఇష్టం లేకపోవచ్చు.

రాజీ నిజంగా కావాలంటే లోక్ అదాలత్ ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగితే దారి చెబుతారు. ఫీజు ఉండదు. అక్కడి అవార్డు, అంటే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. రాజీకి వీలున్న క్రిమినల్ కేసులూ అక్కడ తెగుతాయి. ‘కేసులు అక్కడ తెంచుకోండి నాయనా, నా పెళ్లిని దానికి ముడిపెట్టొద్దు’ అని మీరే చెప్పండి. పదిమందిలో వద్దు, పరువు పోయిందనిపిస్తే ఆయన చెవికెక్కదు. అమ్మను ముందే మీ వైపు తిప్పుకుని, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు కదపండి.

ప్రేమ సంగతి అదే రోజు ఎత్తకండి. రెండూ కలిపితే రాజీ చెడింది మీ ప్రేమవల్లేనని ఊరంతా అంటారు. ముందు ఈ సంబంధం వద్దన్న మాట నిలబడాలి. ఈలోగా మీరు ప్రేమించిన అబ్బాయి తన పెద్దలతో వచ్చి అడగడానికి సిద్ధమో కాదో తేల్చుకోండి. నాన్చుతుంటే అది కూడా ఇప్పుడే తెలియడం మంచిది.

యుక్తవయసు వచ్చిన ఇద్దరి పెళ్లికి కుటుంబం, కులం ఒప్పుకోలు అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. మీమీద చెయ్యి చేసుకున్నా, గదిలో పెట్టినా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. సర్టిఫికెట్లు, ఆధార్ నమ్మకమైన స్నేహితురాలి దగ్గర ఉంచండి. తాంబూలాలు పుచ్చుకున్నాక వెనక్కి తగ్గడం మీ నాయనకు మరీ కష్టం. ఈ వారంలోనే మాట్లాడండి.