చోక్ వేస్తేనే నడిచే వీడర్ కోసం 70 వేల అప్పా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర పల్లె. మూడెకరాల నిమ్మతోట, ఇంటి వెనక అర ఎకరం కూరగాయలు. రెండేళ్ల కిందట 38 వేలు పెట్టి 7 హెచ్‌పీ పెట్రోల్ వీడర్ (కలుపు తీసే చిన్న మెషిన్) కొన్నాం. ఏడాదికి 60 గంటలు నడుస్తుందేమో. వానల్లో నాలుగు నెలలు షెడ్డులో ఉంచి బయటికి తీస్తే స్టార్ట్ కావడం లేదు. తాడు లాగి లాగి భుజాలు పడిపోతున్నాయి. చోక్ వేస్తే కాసేపు నడిచి, చోక్ తీయగానే ఆగిపోతోంది. ఇంజన్ విప్పాలి, 9 వేలు అవుతుందని మెకానిక్ అంటున్నాడు. షాపు వాళ్లేమో పాతది 10 వేలకు తీసుకుని 65 వేల డీజిల్ మెషిన్ ఇస్తామంటున్నారు. బోదె నాగలి, ఇనప చక్రాలు, బ్లేడ్ల సెట్టు కలిపి ఇంకో 14 వేలట. మా పొదుపు సంఘంలో వందకు రూపాయి వడ్డీకి 70 వేలు ఇస్తారు. తీసుకుందామని మా ఆయన పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ 70 వేలు ఇప్పుడు తీసుకోవద్దు. 9 వేలకు కూడా వెంటనే ఒప్పుకోవద్దు. ముందు ఐదారు వందలు ఖర్చు పెట్టి చూడండి.

మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. చోక్ అంటే ఇంజన్‌కు గాలి తగ్గించే మీట. అది వేస్తే నడిచి, తీస్తే ఆగిపోతోందంటే ఇంజన్‌కు గాలి అందుతోంది, పెట్రోల్ చాలడం లేదు. పెట్రోల్, గాలి కలిసే కార్బురేటర్‌లో జెట్ అనే సన్నటి రంధ్రం పూడుకుపోయినప్పుడు సరిగ్గా ఇలాగే అవుతుంది. మీ జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మెషిన్ పడుకున్నదీ అప్పుడే. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవున్న పెట్రోల్ జిగురులా మారి జెట్‌ను మూసేస్తుంది. తాడు లాగితే భుజాలు పడిపోతున్నాయన్నారు కదా, అది ఒక రకంగా మంచి మాటే. లాగినప్పుడు గట్టిగా ఎదురు తిరుగుతోందంటే కంప్రెషన్, అంటే లోపలి గాలిని నొక్కే బలం, ఇంకా ఉందన్నమాట. తాడు వదులుగా వచ్చేస్తున్నా, నీలం పొగ వస్తున్నా, ఆయిల్ తరచూ తగ్గిపోతున్నా అప్పుడు ఇంజన్ విప్పే మాట ఆలోచించాలి.

ట్యాంకులో ఉన్న పెట్రోల్ మొత్తం తీసేయండి. కార్బురేటర్ కింద గిన్నె విప్పించి, జెట్‌ను క్లీనర్‌తో, గాలితో శుభ్రం చేయించండి. తీగ పెట్టి పొడవనివ్వకండి, రంధ్రం పెద్దదైతే పెట్రోల్ తాగేస్తుంది. ప్లగ్ నల్లబడి ఉంటే కొత్తది వేయించండి, వందా నూటయాభై. ఎయిర్ ఫిల్టర్ కడిగించండి, ఎర్రమట్టి దుమ్ముకు అదే ముందు బలవుతుంది. ఆయిల్ మట్టాన్ని మెషిన్ చదునుగా ఉన్నప్పుడే చూడండి. చాలా ఇంజన్లలో ఆయిల్ తగ్గితే స్పార్క్‌ను ఆపేసే సెన్సర్ ఉంటుంది, వాలులో నిలబెట్టినా అది ఆపేస్తుంది. ఆయిల్‌లో పెట్రోల్ వాసన వస్తే మార్చేయండి. ఇన్ని చేసినా లాభం లేకపోతే కార్బురేటరే కొత్తది వేయించవచ్చు, మామూలుగా పదిహేను వందలు దాటదు.

ఇక డీజిల్ లెక్క. మీ ఆయన ఆలోచన తప్పని నేను అనను, డీజిల్ మెషిన్ నడుపుడు ఖర్చు తక్కువే. గంటకు 40 రూపాయలు మిగులుతుందనుకుందాం. మీకు 60 గంటలకు ఏడాదికి 2,400. అప్పు మీద మొదటి ఏడాది వడ్డీ, నెలనెలా అసలు తగ్గుతూ వస్తుందనుకున్నా, 7 వేల దాకా ఉంటుంది. మిగిలేది వడ్డీకే చాలడం లేదు, అసలు సంగతి దేవుడెరుగు. ఆ వడ్డీ ఒక్కటి పూడాలన్నా మెషిన్ ఏడాదికి 175 గంటలు నడవాలి. చుట్టుపక్కల తోటలకు బాడుగకు తిప్పే ఉద్దేశం, తిప్పే మనిషి ఉంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం. పైగా నిమ్మకు మంచి రేటు పలికేది ఎండాకాలంలో, వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి. కాయ రేటు పడిపోయిన నెలల్లో ఆ టెన్షన్ పడేది మీరే. సంఘంలో మీ పేరుకు మచ్చ రాకూడదు. రోజుకు రూపాయి దాచి పొదుపు లక్ష్మి సంఘాలు మొదలుపెట్టిన మీ జిల్లా ఆడవాళ్లకు ఆ పేరు విలువ నేను చెప్పనక్కర్లేదు.

అటాచ్‌మెంట్లలో ఇనప చక్రాలు ఎక్కువగా దమ్ము చేసే మడికి, మీకు వరి లేదు కాబట్టి వద్దు. బోదె నాగలి మీ అర ఎకరం వంగకో మిరపకో పనికొస్తుంది. అయితే ఏడాదికి రెండుసార్లు తోలే పనికి పక్కవాళ్లది అడిగి తెచ్చుకోవడమే మేలు. బ్లేడ్లు మాత్రం అరిగి ఉంటే కొనండి. కొనేముందు ఒక్కటి చూడండి: మెషిన్ మట్టిని కోయకుండా ఎగిరెగిరి పడుతుంటే కుడి ఎడమ బ్లేడ్లు తారుమారుగా బిగించి ఉండొచ్చు. పదునైన అంచు ముందుకు తిరిగే వైపు ఉండాలి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నిమ్మ పిల్లవేర్లు పైపైనే ఉంటాయి. పాదుల్లో లోతు కడ్డీని సరిచేసుకుని రెండు మూడు అంగుళాలకు మించి దున్నకండి. బరువైన పెద్ద మెషిన్‌తో చెట్టు మొదట్లో లోతుగా దున్ని వేర్లు తెంపుకుంటే ఆ నష్టం ఏ లెక్కలోకీ రాదు, కాపులోనే కనబడుతుంది.

రిపేరు డబ్బుకు సంఘం దాకా వెళ్లక్కర్లేదు. మీకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉందా? పంట రుణం లెక్క కట్టేటప్పుడు దాని మీద 20 శాతం వ్యవసాయ సామాన్ల రిపేర్లు, నిర్వహణ కోసం కలుపుతారు. పంటకు లక్షన్నర వస్తే రిపేర్లకు 30 వేలు. చాలామంది రైతులకు ఈ సంగతి తెలియదు, బ్యాంకులో అడిగి చూడండి. 3 లక్షల లోపు వడ్డీ 7 శాతం, గడువులోపు కట్టేస్తే 3 శాతం రాయితీ, అంటే 4 శాతమే పడుతుంది. 5 వేలు వాడుకుంటే ఏడాదికి 200 రూపాయలు.

ఎప్పటికైనా కొత్తది కొనాల్సి వస్తే మీ పేరు మీదే కొనండి. కేంద్రం యాంత్రీకరణ పథకంలో సన్న, చిన్నకారు రైతులకు, మహిళలకు 50 శాతం దాకా సబ్సిడీ ఉంటుంది, దానికీ ఒక పరిమితి ఉంది. కొనకముందే రైతు సేవా కేంద్రంలో అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. షాపు వాళ్లు చెప్పిన 65 వేలు పాత రేటో కొత్త రేటో కొటేషన్ రాయించుకుని చూడండి.

వీడర్ నడవడం మొదలయ్యాక షెడ్డులో ఒక నోట్‌బుక్ వేలాడదీయండి. నడిచిన ప్రతి గంటా రాసి, గంటకు 50 రూపాయల చొప్పున విడిగా దాచండి. ఏడాదికి 3 వేలు అవుతుంది, బ్లేడ్లూ ఆయిలూ దాంట్లోనే వచ్చేస్తాయి. మళ్లీ వానలకు లోపల పెట్టేముందు పెట్రోల్ కాక్ కట్టేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి.

అప్పటికీ మెషిన్‌ను మార్చాలనే అనిపిస్తే, బాగా స్టార్ట్ అవుతున్నప్పుడు తీసుకెళ్లి రేటు అడగండి. 10 వేలన్నది నడవని బండికి చెప్పిన రేటు.